పులుపు అనకూడని జాడీ

సియా మోయ్ లాంగ్ కోపంతో కలిపినా బియ్యపు కల్లు తియ్యగానే దిగుతుందని మా సిబూ ఊళ్ళో ఒక మాట ఉండేది. ఆ మాట అన్నవాళ్ళంతా ఆవిడ కోపం రుచి చూసినవాళ్ళే. పొట్టి మనిషి, గట్టి గొంతు. చేపల బజారులో ఆవిడ బేరం మొదలుపెడితే పక్క దుకాణాల వాళ్ళు చేతిలో పని ఆపి వినేవాళ్ళు. అలాంటి మనిషి ఇంటి వెనక వంటగదిలో జాడీల దగ్గరికి వచ్చేసరికి చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, పసిపాప నిద్రపోతున్న గదిలో నడిచినట్టు నడిచేది. ధైర్యమంతా బజారులో ఖర్చుపెట్టేసి ఇంటికి భయం మాత్రం తెచ్చుకునేదని మొగుడు కీ హుంగ్ అనేవాడు. ఆయన కలప మిల్లులో రంపం దగ్గర పనిచేసి చెవులు సగం పోగొట్టుకున్నవాడు, అందుకే అంత నిర్భయంగా అనగలిగేవాడు.

సముద్రం దాటి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా ఫూచౌ వాళ్ళ ఇళ్ళలో ఆడపిల్ల నెల తప్పిందని తెలిసిన రోజునుంచే కల్లు మాట మొదలవుతుంది. బాలింతకి నెల పొడుగునా పెట్టేది ఎర్రకల్లులో ఉడికించిన కోడి, సన్న సేమియా. అది లేని పురుడు మాకు పురుడే కాదు. ఆదివారం పాస్టరుగారు మత్తు పానీయాల మీద చెమటలు కక్కుతూ ప్రసంగిస్తాడు. తన కోడలికి నెలలు నిండగానే మోయ్ లాంగ్ ఇంటికి మనిషిని పంపుతాడు. ఆయన దాన్ని కల్లు అనడు, పథ్యం అంటాడు. దేవుడు కూడా మా విషయంలో చూసీ చూడనట్టు పోతాడని అందరికీ నమ్మకం.

మోయ్ లాంగ్ పుట్టింది నదికి ఎగువన మిరియాల తోటలో. పెళ్ళయి సిబూకి వచ్చాక కొన్నేళ్ళు రబ్బరు చెట్లు గీసింది. కల్లు కలపడం అత్తగారి దగ్గర నేర్చుకుంది. అత్తగారు నోటితో ఏమీ చెప్పలేదు. కోడలి రెండు చేతులూ పట్టుకుని వెచ్చటి అన్నంలో ముంచి, అలాగే కాసేపు ఉంచి, "ఈ వేడి గుర్తుపెట్టుకో" అందట. అంతే చదువు. బంక బియ్యం నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, వెదురు చాటల్లో ఆరబోసి, ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఎర్రగింజలూ, ఈస్టుతో చేసిన కల్లుబిళ్ళ నూరిన పొడీ చల్లి చేత్తో కలపాలి. ఎర్రగింజలంటే ఎర్రబూజు పట్టించి ఎండబెట్టిన బియ్యం. అవి తాకితే చేతులు పారాణి పెట్టుకున్నట్టు అవుతాయి. గరిటె పనికిరాదు, చేతి వేడి తగిలితేనే కల్లు లేస్తుంది. జాడీలో పోశాక మొదటి వారమంతా మెతుకులు పైకి తేలుతూ ఉంటాయి. వాటిని రోజూ చెయ్యిపెట్టి అడుక్కి నొక్కాలి.

ఇక జాడీ మడి సంగతి చెప్పాలంటే, నూనె చెయ్యి తగలకూడదు. పచ్చినీళ్ళ చుక్క పడకూడదు. చావింటికి వెళ్ళొచ్చిన మనిషి ఆ నెలంతా దగ్గరికి రాకూడదు. ఎవరి పురుటికి కలిపారో ఆ పిల్ల తన జాడీని తాకకూడదు. అన్నిటికీ మించి, అక్కడ పులుపు అనే మాట అనకూడదు. చింతపండు కావలసినవాళ్ళు ముందు గదిలోకి వచ్చి అడగాలి. కల్లు చెడిందా లేదా అని ఎవరూ అడగరు. "ఎలా ఉంది?" అంటారు, చెప్పేవాళ్ళు "ఎర్రగా దిగింది, తియ్యగా ఉంది" అని ఒకటే జవాబు చెబుతారు. జాడీ చెడితే ఇంట్లో ఒక ప్రాణానికి కీడని పెద్దల మాట.

ఆ మాట మోయ్ లాంగ్ గుండెలో ముల్లులా దిగింది మూడేళ్ళ కిందట. ఒక్కగానొక్క కూతురు సియే పింగ్ తొలి కాన్పుకు వచ్చింది. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయాడు. ఆ ఏడాది ఆ పురుటి కోసం కలిపిన జాడీ చెడిపోయింది. "జాడీ ముందే చెప్పింది, నేనే వినలేదు" అని మోయ్ లాంగ్ ఎన్నోసార్లు అనుకుంది. పైకి ఎవరితోనూ అనలేదు గానీ, ఆ తర్వాత ఏ జాడీ మూత తీసినా ముందు కళ్ళు మూసుకుని వాసన చూసేది. ఊరి కోడళ్ళ కోసం కలిపిన ప్రతి జాడీకీ భయపడేది. ఇప్పుడు పింగ్ మళ్ళీ కడుపుతో పుట్టింటికి వచ్చింది. అల్లుడు నదికి ఎగువన, కపిత్ ఊరికి పైన, కలప క్యాంపులో ఉన్నాడు.

పింగ్ మళ్ళీ నెల తప్పడానికి కొంచెం ముందే మోయ్ లాంగ్‌కి బజారులో ఛాతీ పట్టేసింది. ఆస్పత్రిలో పరీక్షలు చేసి నెత్తుట్లో కొవ్వు ఎక్కువైందని, గుండె నాళాల్లో పేరుకుంటోందని చెప్పి, కొవ్వు తగ్గించే బిళ్ళలు రాసిచ్చారు. మా పేట క్లినిక్‌లో నర్సు సెనియా ఇబాన్ తెగ పిల్ల, మాట మెత్తన, పట్టు గట్టి.

"అక్కా, ఇది తలనొప్పి బిళ్ళ కాదు, తగ్గిందని మానెయ్యడానికి. గుండెకి కాపలా ఇది. కాపలావాణ్ణి పంపించేస్తే దొంగ ఆ పూటే వస్తాడు" అంది. కీ హుంగ్ వైపు తిరిగి, "అన్నా, మింగిందో లేదో చూసే పని నీది" అని అప్పగించింది.

"దీన్ని నేను చూసుకోవాలా? నలభై ఏళ్ళుగా అది నన్ను చూస్తోందమ్మా, అదీ అనుమానంగా" అన్నాడు కీ హుంగ్.

మోయ్ లాంగ్ బిళ్ళలు బుద్ధిగానే మింగింది. చావంటే భయం లేని మనిషేం కాదు. అయితే ఆ రోజుల్లోనే పాస్టరుగారి చెల్లెలి కోసం కలిపిన చిన్న జాడీ ఒకటి చెడింది. పింగ్ జాడీ తర్వాత ఈ మూడేళ్ళలో ఆవిడ చేతిలో చెడిన జాడీ అదొక్కటే. వానలు ముందొచ్చాయనీ, కల్లుబిళ్ళ పాతదయిందనీ తనకి తాను చెప్పుకుని, ఎవరూ చూడకుండా పారబోసి, మళ్ళీ కలిపి పంపింది. పింగ్ ఫోనులో ఆ ఫొటో చూపించకపోతే సంగతి అక్కడితో అయిపోయేది.

పింగ్ ఊళ్ళో కాలేజీ ప్రయోగశాలలో పనిచేస్తుంది. మామూలు మందులకి లొంగని క్రిముల మీద పాత మందులేమైనా పనిచేస్తాయేమో చూడటం వాళ్ళ పని. కడుపుతో ఉందని వాళ్ళ మేడమ్ క్రిములు పెంచే గాజు పళ్ళేల దగ్గరికి రానివ్వక, ఫొటోలు చూసి కొలతలు వేసే పని ఇచ్చింది. ఒకరోజు భోజనాల దగ్గర పింగ్ ఫోను తల్లి ముందు పెట్టింది.

"అమ్మా, ఇది చూడు. నువ్వు మింగే బిళ్ళే."

గాజు పళ్ళెం నిండా తోడుకున్న పాలలా తెల్లగా ఏదో పరుచుకుని ఉంది. మధ్యలో ఒక చుక్క. చుక్క చుట్టూ గుండ్రంగా ఖాళీ.

"తెల్లగా ఉన్నదంతా క్రిములు. మధ్యలో నీ మందు పెట్టాం. చుట్టూ చూశావా, ఒక్కటి కూడా బతకలేదు."

"కొవ్వు మందు క్రిముల్ని చంపడమేంటే?" అన్నాడు కీ హుంగ్. "పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రంలా ఉంది."

"అదే కదా నాన్నా విచిత్రం. మా మేడమ్ ఎగిరి గంతేసింది."

మోయ్ లాంగ్ ఆ గుండ్రటి ఖాళీ వైపే చూస్తూ కూర్చుంది. కల్లు లేచేది ప్రాణమున్న వాటివల్లేనని ఆవిడకి ఏ కాలేజీ చెప్పక్కర్లేదు. జాడీకి చెవి ఆనిస్తే లోపల అవి గుసగుసలాడటం వినిపిస్తుంది. వాటి మధ్య తను చెయ్యి పెడుతోంది. మింగిన మందు నెత్తుట్లోకి పోతుంది, నెత్తుట్లోంచి చెమటలోకి వస్తుంది. వెల్లుల్లి తిన్నవాడి చెమట వెల్లుల్లి కంపు కొట్టదా? పాస్టరుగారి చెల్లెలి జాడీ ఎందుకు చెడిందో ఇప్పుడు తెలిసింది. తన చేతులు తనకే పరాయివిగా, చావింటికి వెళ్ళొచ్చిన చేతుల్లా కనిపించాయి.

"ఏంటమ్మా, తినవేం?"

"నాకు చాలు" అని లేచిపోయింది.

కూతుర్ని అడిగితే పోయేది. అడగలేదు. అడిగితే జాడీ సంగతి నోటితో అనాలి, కడుపుతో ఉన్న పిల్ల ఎదుట ఆ మాట అనడమే ఒక కీడు. పైగా పింగ్ చదువుకున్నది, వీటిని నమ్మదు, నవ్వేస్తుంది. బిళ్ళ మానకుండా, పింగ్ పురుటి జాడీ వేరేవాళ్ళ చేత కలిపించుకోవచ్చు. వీధి చివర లౌ వదిన ఉంది, ఆవిడా కలుపుతుంది. అయితే కల్లు కలపడం వచ్చిన తల్లి బతికుండగా పరాయి చేతి కల్లు తాగే బాలింతని మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. అందుకని మోయ్ లాంగ్ ఒక్కతే కూర్చుని లెక్క తేల్చుకుంది. గుండె తనది, జాడీ మనవడిది.

మర్నాటి నుంచి పొద్దున్నే మొగుడి ఎదుట బిళ్ళ నోట్లో వేసుకుని, బుగ్గన దాచి, నీళ్ళు తాగి, పెరట్లోకి పోయి ఉల్లికాడల కుండీలో ఉమ్మేసేది. కీ హుంగ్ కాపలా అంతటితో సరి. బిళ్ళ మానిన మొదటి పూట నుంచే సెనియా చెప్పిన దొంగ ఏ మూల నక్కి ఉన్నాడో అని మెట్లు ఎక్కుతూ ఆగేది, దిగుతూ ఆగేది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని ప్రార్థన చేసేది. ప్రార్థనలో కూడా నిజం మొత్తం చెప్పేది కాదు. మందు ఒంట్లోంచి పూర్తిగా దిగిపోయిందని మనసుకి అనిపించేదాకా ఆగి, అప్పుడు పింగ్ జాడీ కలిపింది.

జాడీ బాగా లేచింది. చెవి ఆనిస్తే గుసగుస వినిపించింది. కీ హుంగ్ వాళ్ళ మిల్లులో పాత స్నేహితుడి అంత్యక్రియలకి వెళ్ళొచ్చాడు కాబట్టి వంటగది గుమ్మం దాటడానికి వీల్లేదు. టీ కావాలంటే గుమ్మం అవతలే నిలబడి అడుక్కోవాలి. "నా ఇంట్లో నేనే ముష్టివాణ్ణి అయ్యాను" అని ఆయన కూతురితో మొరపెట్టుకునేవాడు. పింగ్ నవ్వేది. పింగ్ కూడా గుమ్మం దాటలేదు. అమ్మ బాధపడుతుందని దాటలేదని తను అనుకునేది.

నాలుగో రోజో అయిదో రోజో పొద్దున, మోయ్ లాంగ్ మోచేతి దాకా జాడీలో చెయ్యి పెట్టి మెతుకులు నొక్కుతుండగా దవడ లాగింది. తర్వాత భుజం. తర్వాత ఛాతీ మీద ఎవరో బస్తా దించినట్టయింది. దొంగ వచ్చాడని తెలిసిపోయింది. అరవలేదు. చెయ్యి బయటికి తీసి, జాడీ మీద గుడ్డ కప్పి, తాడు చుట్టి ముడి వెయ్యబోయింది. వేళ్ళు మాట వినలేదు. ముడి పడేదాకా కిందపడకూడదని పళ్ళు బిగించి వేసింది. ఆ తర్వాతే పడింది.

చప్పుడు విన్నది పింగ్. గుమ్మంలో ఆగకుండా లోపలికి వచ్చేసింది. వెనకాలే వచ్చిన కీ హుంగ్ పెళ్ళాం చేతుల మీది ఎరుపు చూసి నెత్తురనుకుని అక్కడే కూలబడ్డాడు. అంబులెన్సు వాళ్ళు కూడా గాయం ఎక్కడ అని వెతికారు.

ప్రాణం దక్కింది. నాళంలో అడ్డం తొలగించి స్టెంటు అనే తీగ గొట్టం పెట్టారు. బిళ్ళలు మింగుతున్నావా అని డాక్టరమ్మ అడిగితే కీ హుంగ్ బైబిలు మీద చెయ్యి పెట్టినంత గట్టిగా, "నా కళ్ళతో చూశానండీ, రోజూ" అన్నాడు. మోయ్ లాంగ్ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. ఆవిడ భయం అప్పుడు గుండె మీద లేదు, ఇంట్లో జాడీ మీద ఉంది. అది ఇంకా లేస్తోంది. మెతుకులు తేలుతుంటాయి. నొక్కే చెయ్యి లేదు. మొగుడు ముట్టకూడదు, కూతురు ముట్టకూడదు. పైగా ఇద్దరూ ఆస్పత్రి బెంచీ వదలరు.

కొంచెం తేరుకున్నాక వార్డు నర్సు మందులు తెచ్చింది. మోయ్ లాంగ్ అన్నీ మింగి, ఆ ఒక్క బిళ్ళ దగ్గర నోరు మూసుకుంది.

"ఇది ఇప్పుడొద్దు" అంది పళ్ళ మధ్యనుంచి.

"అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే ఆంటీ."

"జాడీ అయ్యాక మింగుతా."

నర్సుకి అర్థం కాలేదు. పక్కన కూర్చున్న పింగ్‌కి మాత్రం ఏదో తగిలింది. బిళ్ళ తన చేతిలోకి తీసుకుని, నర్సుని పంపించి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"జాడీకీ దీనికీ ఏంటమ్మా సంబంధం?"

మోయ్ లాంగ్ గోడ వైపు తిరిగింది.

"ఎన్నాళ్ళయింది మానేసి?"

"నువ్వే కదే చూపించావు" అంది తల్లి చివరికి. "గుండ్రంగా, ఖాళీగా. ఒక్కటి కూడా బతకలేదన్నావు. ఆ మందు ఒంట్లో పెట్టుకుని నీ జాడీలో చెయ్యి ఎలా పెట్టనే? పాస్టరుగారి చెల్లెలి జాడీని అలాగే చంపాను."

పింగ్ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"అమ్మా, ఆ పళ్ళెంలో మేం పోసేది ఎంతో తెలుసా? నువ్వు ఏళ్ళ తరబడి మింగినా నీ నెత్తుట్లో అంత ఎప్పటికీ ఉండదు. చెమటలోకి వచ్చేదెంత, జాడీలో పడేదెంత? పళ్ళెంలో చచ్చినవి మనిషి ఒంట్లో చస్తాయో లేదో మా మేడమ్‌కే తెలీదు. ఇంకోటి చెప్పనా? ఈ మందు అన్నదమ్ములు మొదట దొరికింది బూజుల్లోనే. నీ ఎర్రగింజల బూజు ఉందే, అది స్వయంగా చేస్తుంది ఇలాంటి మందు. వేరే క్రిములు వచ్చి తన తిండి మీద పడకుండా కాచుకోవడానికని అంటారు. నువ్వు నీ చేతులతో చాటల కొద్దీ కలుపుతున్నది అదే. అది కల్లుని చంపేదే అయితే మా నాయనమ్మ కాలంలోనే అన్ని జాడీలూ చచ్చేవి."

మోయ్ లాంగ్ ఆ మాట మెల్లగా నమిలింది. ఏ మందు పడుతుందోనని గుండె పణంగా పెట్టి కాపాడిందో ఆ మందు జాడీలో మొదటినుంచీ ఉంది. సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. ఆ తర్వాత పాత భయం మళ్ళీ తల ఎత్తింది.

"మరి ఆ ఏటి జాడీ ఎందుకు చెడిందే?" అంది. "అప్పుడు నాకు ఏ మందూ లేదు. జాడీ చెడింది, బిడ్డ పోయాడు. అది కూడా పళ్ళెంలో చూసి చెబుతావా?"

మూడేళ్ళుగా ఆ బిడ్డ మాట ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

"ఏది ముందమ్మా?" అంది పింగ్. "జాడీయా, బిడ్డా?"

"జాడీ."

"కాదు. నాకు బాగా గుర్తుంది. కదలిక లేదని నన్ను ఇక్కడికే తీసుకొచ్చారు. నువ్వు నా పక్క వదల్లేదు. నాన్న ఆ బయట బెంచీ మీదే పడుకున్నాడు. మనం ఇంటికి వెళ్ళేసరికి అది చెడి ఉంది. అన్ని రోజులూ దాన్ని ఎవరు నొక్కారు?"

మోయ్ లాంగ్‌కి ఆ రోజు కళ్ళముందు కదిలింది. వంటగది, గుడ్డ మీద మూగిన ఈగలు, ముక్కుకి తగిలిన వాసన, ఆ రోజు తను కట్టుకున్న బట్టలు. ఆస్పత్రి నుంచి వచ్చిన బట్టలు. తెలియక కాదు. మూడేళ్ళుగా రెండింటినీ తారుమారు చేసి పెట్టుకుంది.

"మరి వాడు దేనివల్ల పోయాడే?"

"తెలీదమ్మా. డాక్టర్లకీ తెలీలేదు."

అంతకంటే భయంకరమైన మాట మోయ్ లాంగ్ తన జన్మలో వినలేదు. జాడీ వల్లయితే జాడీని కాచుకోవచ్చు. నూనె చెయ్యి తగలనివ్వకుండా, ఆ మాట అననివ్వకుండా, ఈసారి బిడ్డని గట్టున పడెయ్యచ్చు. దేనివల్లా కాకపోతే దేన్ని కాయాలి? ఎటు తిరిగి కాపలా కూర్చోవాలి? కూతురి కడుపు వైపు చూసింది. అంత దగ్గర్లో ఉంది, చెయ్యి పెట్టి సరిచెయ్యడానికి మాత్రం లేదు.

"నాకు జాడీ వద్దమ్మా" అంది పింగ్. "చెడితే చెడనీ. నాకు నువ్వు కావాలి. నువ్వు లేకుండా నేను ఇది కనలేను. నోరు తెరువు."

మోయ్ లాంగ్ నోరు తెరిచింది. మింగాక నాలుక ఎత్తి కూడా చూపించింది.

ఇంటికి వచ్చిన రోజు ఆవిడ చేసిన మొదటి పని వంటగదిలోకి వెళ్ళడం. కీ హుంగ్ పట్టుకుని నడిపిస్తానంటే గుమ్మం దగ్గరే ఆపేసింది. తాను వేసిన ముడి అలాగే ఉంది. విప్పింది. కళ్ళు మూసుకుని వాసన చూడాల్సిన పని లేకపోయింది, గుడ్డ తియ్యకముందే ముక్కుపుటాలు మండాయి. పైన మెతుకులు ఎండి బూడిదరంగు బొచ్చు పట్టాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఊరగాయకి కూడా పనికిరాదు.

"ఎలా ఉందమ్మా?"

పింగ్ గుమ్మం అవతల నిలబడి ఉంది. చెడితే చెడనీ అన్న పిల్ల. పళ్ళేల్లో ఖాళీలు స్కేలు పెట్టి కొలిచే పిల్ల. రెండు చేతులూ కడుపు కింద పెట్టుకుని, గుమ్మానికి ఒక్క వేలెడు ఇవతలికి కూడా కాలు రాకుండా నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇది కూడా భయపడుతోందని మోయ్ లాంగ్‌కి అప్పుడు తెలిసింది. మూడేళ్ళుగా భయపడుతూనే ఉంది. పెద్ద పెద్ద మాటలన్నీ తల్లి చేత బిళ్ళ మింగించడానికి.

మోయ్ లాంగ్ గుడ్డ మళ్ళీ కప్పి, తాడు చుట్టి, ముడి వేసింది. ఈసారి వేళ్ళు చక్కగా మాట విన్నాయి.

"బాగుంది" అంది. "ఎర్రగా దిగింది. తియ్యగా ఉంది."

"నిజంగా?"

"నా చేతి కల్లు ఎప్పుడైనా ఇంకోలా ఉందా? పో, పోయి కాళ్ళు చాపుకుని పడుకో."

పింగ్ గోడకి ఆనుకుని పెద్దగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరితో కూతురి భయమంతా తల్లి ఒళ్ళోకి వచ్చి పడింది. అది మోయ్ లాంగ్‌కి బరువుగా తెలిసింది, అయినా దించుకోవాలని అనిపించలేదు.

కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా, పురుడు అయ్యేదాకా జాడీని ఒలకబొయ్యకూడదని ఇంకో నియమం ఉంది. కాబట్టి అది అక్కడే ఉండిపోయింది. రోజూ దాని పక్కనుంచే నడవాలి. వాసన బయటికి పోకుండా గుడ్డ మీద గుడ్డ, దాని మీద పళ్ళెం, దాని మీద రాయి పెట్టింది. తల్లి కల్లు గురించి ఇంత మడి ఎప్పుడూ చూడలేదని పింగ్ అంటే, "మనవడంటే మాటలా?" అంది. చెవులు పోయినా ముక్కు పోని కీ హుంగ్ ఒకరోజు గుమ్మంలో నిలబడి, "మోయ్ లాంగ్, ఏదో వాసన..." అన్నాడు.

"నీ చొక్కాది. విడిచి ఉతుక్కో."

ఆయన పెళ్ళాం ముఖం చూశాడు. ఇంకేం అడగలేదు. ఆ సాయంత్రం చొక్కా నిజంగానే ఉతుక్కున్నాడు.

పింగ్ కడుపులో బిడ్డ కదలని పూట మోయ్ లాంగ్‌కి అన్నం దిగేది కాదు. పైకి మాత్రం బజారు మనిషిలా గొంతు పెంచి మాట్లాడేది. బిళ్ళ మాత్రం మానలేదు. ఇప్పుడు చావడానికి వీల్లేదు. ఈ అబద్ధాన్ని మొయ్యడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు.

ఒక మధ్యాహ్నం లౌ వదిన ఇంటికి గిన్నె పట్టుకుని వెళ్ళింది. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకరి కల్లుని ఒకరు నీళ్ళన్నవాళ్ళు. లౌ వదిన చేతులు తుడుచుకుంటూ పైనుంచి కిందికి చూసింది.

"ఏం వదినా, నీ చెయ్యి అలిసిపోయిందా?"

"ఆస్పత్రిలో పడుకుని పడుకుని నోరు చెడింది. నీ కల్లు తాగితే ఇంతకంటే చెడదు కదా అని వచ్చా."

లౌ వదిన నవ్వబోయి, మోయ్ లాంగ్ కళ్ళు చూసి ఆగిపోయింది. ఆవిడా పురుళ్ళు పోసిన మనిషే. లోపలికి వెళ్ళి, ముందు వరసలోది కాక, వెనకాల తన ఇంటికని దాచుకున్న జాడీలోంచి నింపి ఇచ్చింది.

"ఎవరికీ చెప్పను" అంది, ఏమీ అడగకుండానే.

నొప్పులు తెల్లవారుజామున మొదలయ్యాయి. ఆస్పత్రి వరండాలో కీ హుంగ్ అదే పాత బెంచీ మీద కూర్చున్నాడు. మోయ్ లాంగ్ కూర్చోలేకపోయింది. తలుపు వెనక అడుగుల చప్పుడైనప్పుడల్లా, ఆ మూడేళ్ళ కిందటి నర్సు తల వంచుకుని బయటికి వస్తుందని అనిపించేది. జాడీ నిజంగా కీడు చెప్పేదే అయితే? పింగ్ చదువంతా తప్పయితే? ప్రభువా, కీడు ఉంటే నాకు పెట్టు, కావాలంటే ఇప్పుడే ఆ గొట్టం మూసెయ్యి అని అడిగింది. ఈసారి ప్రార్థనలో ఏదీ దాచలేదు. లోపలినుంచి ఏడుపు వినిపించింది, సన్నగా, తర్వాత పెద్దగా, కోపంగా. గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఆడపిల్ల.

ఇంటికి తెచ్చిన రోజు మోయ్ లాంగ్ కోడి ఉడికించింది. అల్లం దంచి, నువ్వుల నూనెలో వేయించి, లౌ వదిన కల్లు తన పాత సీసాలోంచి పోసింది. పొడుగు సేమియా తెగకుండా గిన్నెలోకి దించి, పింగ్ మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. పిల్ల తల్లి పక్కన పిడికిళ్ళు బిగించుకుని నిద్రపోతోంది.

పింగ్ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగింది. పుట్టినప్పటినుంచీ ప్రతి జ్వరానికీ ప్రతి పండక్కీ తల్లి చేతి కల్లు రుచి చూసి పెరిగిన నోరు అది. మెల్లగా మింగింది. తల ఎత్తి తల్లి వైపు చూసింది. తర్వాత పిల్ల వైపు చూసింది. మోయ్ లాంగ్ మంచం మీది దుప్పటి అంచు సరిచేస్తూ ఉండిపోయింది, అప్పటికే అది సరిగ్గానే ఉంది.

"ఎలా ఉంది?" అంది చివరికి, తల ఎత్తకుండా.

పింగ్ ఇంకో చెంచా నోట్లో పెట్టుకుంది.

"నీ చేతిది నాకు తెలీదా అమ్మా" అంది. "ఎర్రగా, తియ్యగా ఉంది. ఇంకాస్త పొయ్యి."

మోయ్ లాంగ్ గిన్నె అందుకుని ఇంకాస్త పోసింది.